కొత్త తిత్తి నోట్లో ఇరవై ఒక్క గింజలు

హలో… ఆఁ, నేనేరా తిమ్మా, మీ తాతను. కాటన్‌పేట నుంచే… పాపయ్య అంగడి ఫోను.

బండి స్టార్టు చేసినారా?… ఇంకా లేదా… మంచిది. చెయ్యద్దు.

ఏముండాది, ఊరికే అడిగినా… మనవడు రేసు కారు తోలతాడంటే తాత అడగకూడదా? లారీ మీద ఎక్కించి హొసకోటెకి తీసకపోయినారంట కదా, గంటకి నూరు మైళ్ళు పోయే కారుని. పందెం కోడిని చంకన పెట్టుకొని పోయినట్ల ఉండాది.

…టైర్లు అరుగుతాయా. అవునప్పా, పరిగెత్తే బండికి టైర్లు అరిగితే ఎట్ల!

సావుకారు వచ్చినాడా?… దారిలో ఉండాడా. రానీ. మునినారాయణప్ప సావుకారంటే సామాన్యమా. మూడు కార్లలో ఆయప్ప కూర్చుంటాడు, నాలుగోదాంట్లో నిన్ను కూర్చోపెడతాడు. పల్టీ కొట్టేది ఆ ఒక్కటే కదా… పెద్ద మనసు.

కోపమెందుకురా?… తెలుసు. గెలిస్తే గ్యారేజంతా నీ చేతికిస్తానన్నాడు. ఓడితే?… అదీ తెలుసు. వాకిలి చూపిస్తాడు.

ఇంతకీ ఆ… ఏందది… సూపరు చార్జరు. దాని నోరు ఇంకా తెరిచే ఉండాదా?… కార్బొరేటరు బిగించి మూసేసినావా… అయ్యో.

…అయ్యో అన్నానా? దగ్గినా.

పెట్టద్దు ఫోను! చెప్తానుండు… యుద్ధం అయినాక మిలిటరీ వాళ్ళు పారేసిన సామాన్లో ఏరుకొస్తివి దాన్ని. ఇంజనుకి గాలి ఊదుతాదంటివి. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే పరుగు ఎక్కువ అంటివి. యాభై ఏండ్లు కొలిమి ముందర కూర్చున్నోనికి చెప్పినావు నాయనా, గాలి ఊదితే మంట లేస్తాదని! నేనూ నోరు తెరిచి విన్నా కదా.

తిత్తే కదరా అది. ఇనప తిత్తి.

…విషయానికే వస్తా ఉండా. కొలిమికి కొత్త తిత్తి కడితే మనం ఏం చేస్తాము?… మర్చిపోయినావా. ఇంగ్లీషు పుస్తకం చూసి నట్లు బిగించేవానికి యాడ గుర్తుంటాది… తొలి ఊపుకి ముందర దాని నోట్లో పసుపు బియ్యం యెయ్యాల. ఆకలితో ఉండే తిత్తి, ఊపినోడినే తింటాదని మా నాయన…

…

ఆఁ. యేసినా.

పొద్దున. నువ్వు మొగం కడుక్కోను పోయింటివి కదా, అప్పుడు. నోటి మీద గుడ్డ కప్పింటివి. తీసినా, యేసినా, మళ్ళా కప్పినా… మర్యాదగా.

…తిట్టు… తిట్టు… ఆ మాట కూడా అను, పాపయ్య వింటే విననీ… అయిందా?

కాఫీ తాగతా ఉంటే గుర్తొచ్చింది. లోపల రెండు ఇనప రోకళ్ళు తిరుగుతాయి, వాటి సందులో వెంట్రుక కూడా పట్టదు అంటివి కదా నువ్వు. వెంట్రుకే పట్టకపోతే గింజ ఎట్ల పడతాది… అనుకున్నా. పరిగెత్తుకొచ్చినా. నా పరుగు నీకు తెలుసు కదా, నేను నాలుగంగళ్ళు దాటేలోపల నీ లారీ హొసకోటె చేరింది.

విను. కార్బొరేటరు విప్పు. చేత్తో నిదానంగా తిప్పతా గింజలు ఏరు. ఇరవై ఒకటి ఉండాయి. మన కొలిమి లెక్క అది, ఎక్కువ లేదు, తక్కువ లేదు. అన్నీ బయటికొస్తే నీ తిత్తి శుద్ధం… పో. ఫోను ఎవురికన్నా ఇచ్చిపో.

హలో… ఎవురప్పా?… పెట్రోలు బంకు చెన్నరాయప్పనా. నమస్కారం… ఆఁ, నేనే ఆ తాతను… నవ్వద్దప్పా. మీ బంకు తెరిచిన రోజు టెంకాయ కొట్టలేదా?… కొట్టినారు కదా. నేనూ అంతే. కాకుంటే మీ టెంకాయ పెట్రోలు పైపులో పడలేదు.

ఎన్ని వచ్చినాయి?… తొమ్మిది… పదహారు. మావాని చెయ్యి మంచిదిలే… పంతొమ్మిది… ఇరవై… ఇరవై ఒకటి! చెప్పినానా? చాలను, మూసెయ్యమను! బడికి పోనోని లెక్కప్పా ఇది, బడికి పోయినోళ్ళు ఒకసారి చూసి…

…ఏమి?

ఇరవై రెండా.

సరిగ్గా చూడు, ఏదన్నా విరిగి రెండైందేమో… నిండు గింజనా…

ఇరవై మూడు.

…

ఉండానప్పా. లైనులోనే ఉండా. తిమ్మనికియ్యి.

తిమ్మా… ఇంకెన్ని ఉండాయో నాకు తెలీదు… తెలీదురా, ఎన్నిసార్లు అడుగుతావు! లెక్క తప్పింది. గింజలు నాకు కనపడలేదు. వేలికి తగిలింది తగిలినట్ల యేసినా… ఈ రెండేండ్లుగా ఇనుము కాగిందా లేదా అనేది రంగు చూసి కాదు, సెగ మొగానికి తగిలితే చెప్తా ఉండా… ఎవురికీ చెప్పలేదు. మీ అవ్వకి కూడా.

పందెం ఎప్పుడు?… రెండింటికా. టైముండాది. ఆ తిత్తిని పూర్తిగా విప్పి పక్కన పెట్టు. అది రాకముందు ఉండిన పాత గొట్టమే తగిలించు… ఓడతావు. ఆఁ, ఓడతావు. నూరు మైళ్ళ మీద గింజ ఇరుక్కొని ఆ తిత్తి పట్టేస్తే ఓడేదానికి కూడా ఉండవు.

…దిగినాడా సావుకారు? గింజలు చూసినాడా?… ఎలుక యేసిందని చెప్పద్దు. నువ్వేమీ చెప్పద్దు. ఫోను ఆయప్పకియ్యి. ఇచ్చి, నువ్వు స్పానరు పట్టుకో… ఇయ్యిరా!

హలో… సావుకారప్పా, నమస్కారం. కొలిమి పెద్దమునియప్పను… మీ కారు నోట్లో బియ్యం పోసింది నేను… ఎందుకంటే… మావాడు దాంట్లో కూర్చుంటాడని.

…అవును స్వామీ… మూర్ఖున్నే… అవును, మీ పట్టుమిల్లులో ఇట్లాటోడు ఒక్కడు కూడా ఉండడు, నిజం…

వాడేం చేస్తా ఉండాడు?… విప్పతా ఉండాడా. ఎంతవరకు వచ్చింది?… అట్లనా. మీరు అటుపక్క పోవద్దండి, ఇంకా తిట్టండి, వింటా ఉండా. మా నాయన్ని కూడా తిట్టండి, ఆచారం ఆయప్పదే… చేతికొచ్చేసిందా? మొత్తమా?… కింద పెట్టినాడా…

అయితే సరే స్వామీ. ఇంక మీ ఇష్టం… హలో?… హలో?

పాపయ్యా… ఈ ఫోను యాడ పెట్టాల? కొంచెం నా చెయ్యి పట్టుకో అప్పా.