పేర్లు చూపించని మేడమ్ గారు

1989వ సంవత్సరం జూలై పదిహేడవ తేదీ సోమవారం నాడు భావనపాడు ప్రాథమికోన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిగా విధుల్లో చేరిన శ్రీమతి రెబెక్కా గారు, సుదీర్ఘమైన బోధనా జీవితాన్ని సంతృప్తిగా ముగించుకొని, ఈ నెలాఖరున మా గెడ్డవానిపేట ఉన్నత పాఠశాల భౌతిక శాస్త్ర ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేయుచున్నారు. ఈ ప్రత్యేక సంచికకు అభినందన వ్యాసం నన్ను రాయమని ప్రధానోపాధ్యాయులు శ్రీ సూర్యప్రకాష్ గారు ఆదేశించారు. నేను ఈ బడికి కాపలాదారుని. మూడో తరగతితో చదువు ఆగింది. మాట కూడా తక్కువే. ఆ సంగతే విన్నవించుకుంటే వారు, "రోజూ పొద్దున్నే ఆమెకి గేటు తీసేది మీరే కదా, మీరే రాయాలి" అన్నారు. గేటు దగ్గర నుంచి కనిపించినంత రాస్తాను.

భావనపాడులోనే మేడమ్ గారికి ఒక సందేహం పట్టుకుందట. పాఠం చెప్పి ప్రశ్న అడిగితే చేతులెత్తేది ఎప్పుడూ ఆ ముందు వరుస పిల్లలే. తక్కినవారికి అర్థమైందా, కాలేదా? టెక్కలికి బదిలీ అయ్యాక అందరికీ పలకలిచ్చి, జవాబు రాసి ఒక్కసారే ఎత్తమన్నారు. పిల్లలు పక్క పలకల్లోకి చూశారు. కళ్ళు మూసుకొని ఎత్తమన్నారు. పలకలు తలలకు తగిలి బొప్పెలు కట్టాయి. ఆ ప్రయోగం అంతటితో ఆగింది గాని, ఆ సందేహం ఆగలేదు.

2014లో వారు మా పాఠశాలకు విచ్చేశారు. కాశీబుగ్గలో నివాసం. వచ్చిన ఏడాదే పదో తరగతికి ఉదయపు తరగతి మొదలుపెట్టారు. వానైనా, మంచైనా మొదటి బస్సులో దిగేవారు. నేను గేటు తీసేవాడిని. "బాగున్నారా?" అనేవారు. "ఆఁ" అనేవాడిని. ఇన్నేళ్ళలో మా సంభాషణ ఇంతకు మించి పెరిగినది తక్కువ.

కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు మేడమ్ గారు ఫోనులోనే ఆన్‌లైన్ పరీక్షలు తయారుచేసి పంపేవారు. ఒకనాడు మణిదీప్ అనే చురుకైన పిల్లవాడి జవాబులన్నీ తప్పుల తడకగా వచ్చాయి. వెంటనే ఫోను చేశారు. ఎత్తినది చేపల వేటకు పోయే తండ్రి కామేశ్. వెనక కెరటాల హోరు.

"మణిదీప్‌కి ఇవ్వండి" అన్నారు మేడమ్ గారు.

"ఆడు ఇంటికాడున్నాడు మేడమ్ గోరూ. నాను ఏటలో ఉన్నాను. టైము దాటిపోతే గుంటడికి సున్నా ఏసెత్తారని బయమేసినాది. వలేసి కూకున్నాం కదా, పడవలో అందరం ఆలోసించి నొక్కీసినాం."

"అందరూ కలిసి ఆలోచించి ఇన్ని తప్పులా?"

"ఆటుపోట్లది రైటయింది కదా! దానికి మార్కు ఏసినారా, నేదా?"

వేశారు. ఆ మార్కు పిల్లవాడిది కాదు, పడవదని కూడా చెప్పారు. మర్నాటి నుంచి పడవలు ఒడ్డుకు చేరి ఫోన్లు ఇళ్ళకు వచ్చే వేళ చూసి పరీక్ష పెట్టేవారు.

బడులు తెరిచాక వారికి శిక్షణలో కార్డుల పద్ధతి దొరికింది. పిల్లలకు ఫోన్లు అక్కరలేదు, ఉపాధ్యాయుని ఫోను ఒక్కటి చాలు. ప్రతి పిల్లవాడికీ నల్లని గళ్ళ ముద్ర ఉన్న కార్డు ఇస్తారు. దానికి నాలుగు వైపులా నాలుగు జవాబులు. తనకు తోచిన జవాబు పైకి వచ్చేట్టు పట్టుకొని ఎత్తాలి. మేడమ్ గారు ఫోనును గది చుట్టూ తిప్పితే అది అన్నీ చదువుకొని, ఏ జవాబుకు ఎందరో గోడ మీది తెరపై గీతలుగా చూపుతుంది. ఏ రెండు కార్డులూ ఒకలా ఉండవు కనుక పక్కవాడిని చూసి తిప్పితే లాభం లేదు. తప్పు జవాబు గీత పెరిగితే మేడమ్ గారు పాఠం అక్కడే ఆపి, పిల్లలను జంటలుగా వాదించుకోమని, మళ్ళీ కార్డులెత్తించేవారు. ఆ వాదులాట నాకు గేటు దాకా వినిపించేది. మొదట ప్లాస్టిక్ తొడుగు వేసిన కార్డులు ఎండకు తళతళలాడి ఫోను చదవలేకపోతే, కాశీబుగ్గ నుంచి జీడిపప్పు అట్టపెట్టెలు తెచ్చి వాటిపై అంటించుకున్నారు.

ఇక ఈ ఊరు మరువని సంగతి ఒకటి. మూడేళ్ళ కిందట పదో తరగతి పరీక్షలు దగ్గరపడిన వేళకే తోటల్లో జీడిపిక్కలు రాలడం మొదలైంది. పిక్కలు ఏరేది పొద్దున్నే. ఉదయపు తరగతి పలచబడింది. అమ్మమ్మ ఎర్రమ్మ పెంపకంలో ఉన్న ఐశ్వర్య అనే అమ్మాయి పూర్తిగా మానేసి అమ్మమ్మతో తోటకు పోతోంది. "ఈ నెల రోజులూ వస్తే గట్టెక్కుతుంది ఢిల్లేశ్వరరావు గారూ. రాకపోతే తప్పుతుంది" అన్నారు మేడమ్ గారు గేటు దగ్గర. ఆ రోజు "ఆఁ" అనడానికి కూడా నాకు మనసొప్పలేదు.

తల్లిదండ్రుల సమావేశం పెట్టించారు. మా ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద ఎవరు చెయ్యెత్తితే అందరూ ఎత్తుతారు. బడి కమిటీ చైర్మన్ లోకనాథ్ గారు పెద్ద జీడితోట గల ఆసామి. ఎర్రమ్మ పని చేసేదీ ఆ తోటలోనే. "సదువు మద్దేన్నం కూడా సెప్పుకోవచ్చు, పిక్కలు మద్దేన్నం దాకా ఆగవు" అని వారు ముందే అనేశారు. ఇక చేతులెత్తించడం దండగ.

మేడమ్ గారు కార్డులు పంచారు. అక్షరాలు రానివారి కోసం కార్డు వెనుక నాలుగు అంచుల్లో చేప, కొబ్బరికాయ, జీడిపండు, వరికంకి బొమ్మలు గీసి ఉంచారు. నాకూ ఒకటి ఇచ్చారు. ముందు అలవాటుకని ఒక ప్రశ్న: పొద్దున్న ఏం తీసుకున్నారు? అంబలి అయితే చేప, ఇడ్లీ అయితే కొబ్బరికాయ, చద్దన్నమైతే జీడిపండు, ఏమీ లేకపోతే వరికంకి పైకి పెట్టాలి. అందరూ లోకనాథ్ గారి కార్డు వెనుక ఏ బొమ్మ పైకి ఉందో చూసి అలాగే తిప్పి ఎత్తారు. తెర మీద ఇడ్లీ గీత తాడిచెట్టులా లేచింది.

"ఓలమ్మో!" అంది రజని అనే ఒక పిల్లవాడి తల్లి. "ఊరూరంతా ఇడ్లీలు తినీసినట్టు సూపింతంది. ఎవులింట్లోనమ్మా ఇడ్లీలు?"

"మావా, నీ కార్డు సూసే తిప్పినాను. ఇంతకీ నువ్వేటి తిన్నావు?" అన్నాడు కామేశ్.

"అంబలే తాగినాను. కార్డు తప్పుగా తిప్పీసినాను. నా కార్డు నువ్వేటికి సూడ్డం?" అన్నారు లోకనాథ్ గారు.

మేడమ్ గారు నవ్వి, "ఎవరి కార్డు వాళ్ళదేనండి. పక్కవాళ్ళని చూసి తిప్పితే వాళ్ళ అంబలి మీకు ఇడ్లీ అవుతుంది" అన్నారు.

అప్పుడు అసలు ప్రశ్న అడిగారు. పరీక్షలయ్యే దాకా పదో తరగతి పిల్లలు పొద్దున్న ఎక్కడికి? బడికైతే చేప, తోటకైతే జీడిపండు. ఈసారి ఎవరూ ఎవరినీ చూడలేదు. కార్డులు లేచాయి. ఫోను తిరిగింది. బడి గీత తెర పైఅంచు దాకా పోయింది. తోట గీత బెత్తెడు కూడా లేదు.

 "ఇదేటిది? ఎవుళు బడన్నారు? ఫోనుకి తెలుసు కదా, పేర్లు సూపించండి మేడమ్ గోరూ" అన్నారు లోకనాథ్ గారు. ఎర్రమ్మ తన కార్డును చీర కొంగు కిందకు లాక్కుంది.

"ఫోనుకి తెలుసు. నాకూ తెలుసు. చూపించనండి. ఒకసారి చూపిస్తే ఇక ఎవరూ కార్డు ఎత్తరు."

లోకనాథ్ గారు గది అంతా ఒకసారి కలియజూశారు. గొంతు సవరించుకున్నారు. "సర్లే. నానూ అదే అనుకున్నాను. పదో తరగతోలకి పరీచ్చలయ్యేదాకా తోట పని నేదు. పిక్కలెక్కడికీ పారిపోవు." అందరూ గొల్లున నవ్వారు. వారూ నవ్వారు. నిజంగా వారు అదే అనుకున్నారో లేదో మేడమ్ గారికి ఎరుక.

మర్నాడు ఐశ్వర్య బడికి వచ్చింది. పరీక్ష గట్టెక్కి ఇప్పుడు టెక్కలిలో పాలిటెక్నిక్ చదువుతోంది. ఫలితాలు వచ్చిన రోజు ఎర్రమ్మ గేటు దాకా వచ్చి, "మీటింగులో నోరిప్పితే నాకు వొణుకొత్తాది మేడమ్ గోరూ. సేప బొమ్మ పైకెట్టడం సులువే" అంది. మాట తక్కువ వాళ్ళ కోసం ఎంతో శ్రమపడిన విదుషీమణి రెబెక్కా గారు అని చెప్పడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మొన్న జరిగిన సమావేశంలో లోకనాథ్ గారే లేచి, విరమణ తరువాత కూడా మేడమ్ గారు ఉదయపు తరగతికి రావాలని కోరారు. "నా ఎదుట వద్దనడానికి మొహమాటపడతారు, కార్డులెత్తండి" అన్నారు మేడమ్ గారు. రావాలంటే చేప, విశ్రాంతి తీసుకోవాలంటే వరికంకి. తెరంతా చేపలే, వరికంకి ఒక్కటి.

"ఎవుడా ఒక్కడు?" అని లోకనాథ్ గారు గద్దించారు.

"పేర్లు చూపించనండి" అన్నారు మేడమ్ గారు, గుమ్మం దగ్గర నిలబడిన నా వైపు చూడకుండా.

వారు చూపించరు కనుక నేనే చెబుతున్నాను. ఆ వరికంకి నాది. మొదటి బస్సు దిగి మోకాలు పట్టుకొని గేటు దాకా నడిచివచ్చే మేడమ్ గారిని చూసినవాడిని నేనొక్కడినే. ఊరు గెలిచింది, నేను ఓడిపోయాను. సంతోషమే.

శ్రీమతి రెబెక్కా గారికి, వారి భర్త శ్రీ కృపాదానం గారికి భగవంతుడు నిండు నూరేళ్ళ ఆయుస్సును, నొప్పి ఎరుగని మోకాళ్ళను, ప్రతి ఉదయం మనసారా తాగే వేడి కాఫీని ప్రసాదించుగాక. మేడమ్ గారూ, వచ్చే నెల నుంచి మొదటి బస్సుకు రానక్కరలేదు. రెండో బస్సుకు రండి. గేటు తీసే ఉంచుతాను.

— ఢిల్లేశ్వరరావు, పాఠశాల కాపలాదారు