బోర్డు వెనక తీగలు

సుత్తి ఇంకా అన్న చేతిలోనే ఉంది. నలభై ఏళ్ల కిందట నాన్న సొంతంగా చేసిన కంప్యూటర్ నేలమీద ముక్కలై పడి ఉంది. తమ్ముడు చిట్లిన పెదవిని చొక్కాతో అదుముకున్నాడు.

"ఇంకోసారి అడ్డమొచ్చావంటే నీ బుర్ర పగులుద్ది! మొదట్నుంచీ కొత్తగా చేద్దామంటే వినవేంరా?"

"ఎలా చేస్తావన్నయ్యా?"

"నాన్న గీసిన డ్రాయింగ్ ఉందిగా. పొల్లుపోకుండా అలాగే చేస్తా."

"ఆ డ్రాయింగ్ ప్రకారం చేస్తే అది పనిచెయ్యలేదు. తర్వాత బోర్డు వెనకాల ఏడు తీగలు కలిపి బాగుచేశాడు. అవి డ్రాయింగ్‌లో ఎక్కించలేదు."

అన్న కాలికింద ఏదో పుటుక్కుమంది. చూస్తే ఎర్రతీగ.

"ముందే చెప్పి చావొచ్చుగా!"

"చెబుదామని నోరు తెరిస్తేనే కదా గుద్దావు."