గవ్రిల్ ఇంట్లో శుక్రవారాలు

అదా సంగతి! నీ ప్రసంగం మధ్యలో లేచి, తలుపు ధడేల్మని వేసి పోయాడా? గుమ్మంలో నీ మొహం చూసే అనుకున్నాను. కూర్చో బాబూ, ముందు ఆ టీ తాగు. పాస్టరువి, గారు తగిలించి పిలవాలి గానీ నా మనవడి వయసు నీది, నా నోరు తిరగదు. ఇలాంటివాళ్ళు ఈ సంఘానికి కొత్తేం కాదులే. మా గవ్రిల్‌ని చూసుంటే ఏమయ్యేవాడివో! అబ్బ, ఏం మనిషి! మన వాయిద్యాల బృందంలో పెద్ద బాకా అతనిదే. ఛాతీ కూడా ఆ బాకా అంత ఉండేది. అప్పట్లో ఊరంతా మనల్ని మారుమనసోళ్ళు, మారుమనసోళ్ళు అని వెక్కిరించేది. ఆదివారం ఎవరెవరు వచ్చారో కిటికీ పక్కన నిలబడి రాసుకోడానికి సర్కారు పెట్టిన ఓ మనిషి. బయట అంత బిగింపు ఉన్నప్పుడు లోపలైనా కలిసుండాలా? అబ్బే. తెయోఫిల్ అయ్యగారు వాక్యం చదవడం ఆలస్యం, గవ్రిల్ లేచేవాడు. “అయ్యగారూ, దాని అర్థం అది కాదు. ఈ ప్రార్థన మందిరం ఇటుకలు మా నాన్న మోశాడు, ఆయన చెప్పింది వేరు!” అని.

తెయోఫిల్ అయ్యగారంటే ఎవరనుకున్నావు, నీకు ముందు ముగ్గురు పాస్టర్లకి ముందాయన. బక్కపలచటి మనిషి, గొంతు కూడా పెద్దది కాదు. సంఘ పెద్దలు ఆయన్ని చుట్టుముట్టి, “వెలివేద్దామండీ, పీడా పోతుంది” అన్నారు. “వెలివేస్తే ఎక్కడికి పోతాడయ్యా? ఆర్థొడాక్స్ వాళ్ళ గుడికి పోడు, పౌరుషం. తిన్నగా సారాకొట్టుకే” అన్నారాయన. అని, ప్రతి శుక్రవారం సాయంత్రం గవ్రిల్ ఇంటికి నడిచి వెళ్ళడం మొదలుపెట్టారు. నన్నెందుకు తీసుకెళ్ళేవారంటే వాళ్ళ కుక్క. మహా పొగరుబోతు కుక్క, నా మాట ఒక్కటే వినేది. దాని తల్లి మా ఇంటిదేలే... ఆ కుక్కల కథ ఇంకోటుంది, వద్దు.

ఆ, శుక్రవారాలు. వెళ్ళగానే గవ్రిల్ భార్య సావెటా మొక్కజొన్న పిండితో మామలిగ వండి, పైన జున్ను చల్లి, పుల్లటి మీగడ వేసి పెట్టేది. పెట్టి పొయ్యి పక్కన నిలబడేది. ఇక వీళ్ళిద్దరూ మొదలు. ఆడవాళ్ళు తలగుడ్డ కట్టాలా, కీర్తనకి శ్రుతి ఎవరివ్వాలి, బాప్తిస్మం నదిలోనా, తొట్టిలోనా. గవ్రిల్ బల్ల గుద్దితే గిన్నెలు ఎగిరేవి. అయ్యగారు మాత్రం, “నువ్వు చెప్పు గవ్రిల్, ఇంకా చెప్పు” అనేవారు. ఎన్ని ఏళ్ళు! మధ్యలో ఎవరికైనా విసుగు పుడుతుందా లేదా? నాకు పుట్టింది. ఆయనకి పుట్టలేదు. ఓ శుక్రవారం ఏదో మాట మీద గవ్రిల్ ఫక్కున నవ్వాడు. తిరిగొస్తుంటే అయ్యగారు దారి పొడుగునా నా భుజం కుదుపుతూ, “చూశావా ఇలారియే! నవ్వాడు! నాతో కలిసి నవ్వాడు!” అని ఒకటే సంబరం, చిన్నపిల్లాడిలాగా.

ఆ ఏడాదే, నల్లప్లమ్ పళ్ళ కాలం. ఇంటి నిండా జామ్ ఉడుకుతున్న వాసన. వాళ్ళు మాట్లాడుకుంటున్నారు, సావెటా గిన్నె పట్టుకొచ్చి, బల్ల దాకా రాకుండానే కూలిపోయింది. ట్రాక్టరు మీద అరాద్ పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు బయటికొచ్చి ఎవరినీ చూడకుండా, “రొమ్ములో గడ్డ. రెండేళ్ళ పైమాటే. ఆ ఇంట్లోకి మనుషులెవరూ రారా?” అన్నాడు. అయ్యగారు లోపలికెళ్ళి మంచం పక్కన కూర్చుని, “అమ్మా సావెటా, వారం వారం వచ్చానే. ఒక్క మాట చెప్పలేకపోయావా తల్లీ?” అన్నారు. ఆవిడ, ఇదిగో ఇలా, నెమ్మదిగా, తప్పుపడుతున్నట్టు కూడా కాదు, “ఎప్పుడు చెప్పనండీ అయ్యగారూ? మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు కదా” అంది. మళ్ళీ తనే, “మీరొచ్చిన రోజు ఆయన నామీద అరవడు. నేనేదన్నా అంటే, మీరు రావడం మానేస్తారేమోనని” అంది.

మంచు పడకముందే పోయింది. సమాధి దగ్గర బాకాలన్నీ మోగాయి, పెద్దది తప్ప. అది గోడకి ఆనించి ఉంది, గవ్రిల్ దానివంక చూడలేదు. తర్వాత ఏ ఆదివారం అతను లేచింది లేదు, ఎదురాడింది లేదు, గొర్రెపిల్లలా వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవాడు. ఊళ్ళో మనవాళ్ళేమన్నారో తెలుసా? “అయ్యగారి ఓర్పు గెలిచింది” అన్నారు! ఆ మాట ఆయన ముందే అంది ఎవరో ముసలమ్మ. ఆయన టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి ఎవరింటికెళ్ళినా మగవాళ్ళు వేసిన కుర్చీలో కూర్చునేవారు కాదు. తిన్నగా వంటింట్లోకి పోయి, “ఏమ్మా, ఎలా ఉన్నావు?” అని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడేవారు. జనం నవ్వుకున్నారు, అయ్యగారికి ఆకలెక్కువైందని.

ఆయన బాగా పెద్దవాడయ్యాక అరాద్‌లో పాస్టర్ల కూటానికి పిలిచారు. కుర్ర పాస్టర్లు, నీలాంటివాళ్ళే, “మొండివాళ్ళని ఎలా దారికి తెచ్చారో చెప్పండయ్యగారూ” అన్నారు. నేను తోడు వెళ్ళాను, చెయ్యి పట్టుకుని పైకెక్కించాను. ఆయన బల్ల పట్టుకుని నిలబడ్డారు. “మా సంఘంలో సావెటా అని ఒకావిడ ఉండేది. ఆవిడ వండినవన్నీ తిన్నాను. ఆవిడ కీర్తన ఏ గొంతుతో పాడేదో నాకు తెలీదు” అన్నారు. అంతే. దిగిపోయారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

ఏంటీ? నాకా? ఆవిడ గొంతు నాకు తెలుసు బాబూ. బాకా పట్టుకుని నేను కీర్తనలు పాడే ఆడవాళ్ళ వెనక వరసలోనే కదా నిలబడేవాణ్ణి. సావెటా రెండో గొంతు పాడేది. సన్నగా, పైనున్న గొంతుల కిందగా, ఎలాగంటే...

ఆ టీ చల్లారిపోయింది. ఇటివ్వు, వేడిచేసి తెస్తాను.