ఈపూరు బోరు మీద ఎగిరిన ఎద్దు

"ఒక్క ఎద్దేగా ఫరా, చేర్చడానికి ఎంతసేపు పడుద్ది?"

"చేర్చను దాదా. నువ్వు చెప్పింది చెప్పినట్టే పెట్టా."

బోరు మోటార్లు బాగుచేసే పని మానుకున్నాక జాన్ సాహెబ్‌కు మిగిలినవి కథలే. మనవరాలు ఫరా వాటిని ఆయన పేరిటే ఒక వెబ్‌సైట్‌లో పెట్టింది. ఇవాళ నరసరావుపేట ఇంటి వసారాలో ఆమె లాప్‌టాప్ తెరిచిన దగ్గర్నుంచి ఆయన కుర్చీ లాక్కుని పక్కనే తిష్ఠ వేశాడు.

"ఈపూరులో నేను దింపిన మోటారు దెబ్బకి నీళ్ళు ఎద్దును పైకి లేపినయ్. కరెంటు పోయిందాకా అది గాల్లోనే నెమరేసింది. అంతవరకు బానే రాశావు."

"మరి?"

"నిన్న టీకొట్లో జత ఎద్దులన్నా."

"ఎందుకన్నావు?"

"కొత్తోళ్ళు కూర్చున్నారమ్మా. ఒక్క ఎద్దుకి వాళ్ళు గ్లాసు కూడా కింద పెట్టలా."

"రెండు ఎద్దులేనా?"

"బండి కూడా."

"దాదా..."

"జత ఉన్నాక బండి ఉండదా? రోజూ నా పక్కన కూర్చునే పుల్లయ్యగాడు ఫోన్ తీసి నీ సైట్ అందరి ముందూ చదివాడు. ఇందులో ఒక్కటే ఉందేంది సాయిబూ, అని."

"నువ్వేమన్నావు?"

"మనవరాలు తప్పు రాసిందన్నా."

"నా మీదకి తోశావా?"

"చిన్నపిల్లవు, ఎవరూ ఏమనుకోరులే. సాయంత్రానికి సైట్‌లో బండి కనపడకపోతే ఇక టీకొట్లో కథలు చెప్పేది వాడేనంట, నేను వినాలంట. వాడి కథలెప్పుడన్నా విన్నావా? మిరపతోటకి తెగులెట్టా వచ్చిందో చెప్తాడు. అన్నీ నిజాలే. ఎట్టా వినేది?"

"మార్చినా దొరికిపోతావు. ఎప్పుడు మార్చామో పేజీ అడుగున తేదీ పడుద్ది."

"ఆ తేదీ తీసెయ్. నేను మోటారు బాగుచేస్తే ఎప్పుడు చేశానో దాని మీద రాశానా? తిరిగితే చాలు."

"తేదీ తియ్యను."

"పోనీ, ఎద్దు అన్న కాడ అక్షరాలు లావు చెయ్."

"లావు చేస్తే రెండయితయ్యా?"

"దూరం నుంచి చూస్తే అట్టనే ఉంటది."

"చాల్లే దాదా. పొద్దున్నే పుల్లయ్య తాత నాకు ఫోన్ చేశాడు."

"మార్చొద్దనేగా? చానా ముదురు వాడు."

"మార్చమనే. రెండో ఎద్దును పెట్టమన్నాడు, బండి కూడా పెట్టమన్నాడు. కాకపోతే బండి మీద తననీ కూర్చోబెట్టమన్నాడు."

"వాడినా?"

"ఇన్నేళ్ళు నీ పక్కనే కూర్చుని విన్నాడంట. ఒక్క కథలో కూడా నువ్వు చోటియ్యలేదంట."

జాన్ సాహెబ్ కుర్చీని లాప్‌టాప్‌కి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

"ఏం చెయ్యమంటావు దాదా?"

"కూర్చోబెట్టు. పగ్గాలు మాత్రం నా చేతికియ్యి."