అలికిన మొఖం

నా మొఖం నాకు పెట్టియ్యి తమ్మీ, పుణ్యముంటది. కుర్చీ వద్దు, నేను కూసోను. తండ నుంచి మానుకోట దాక బస్సుల నిలబడే వచ్చిన. నీ నెట్ సెంటర్‌ల జరసేపు నిలబడ్తే కాళ్లేం పడిపోవు.

గుర్తు పట్టలేదా? ఎట్ల పడ్తవ్ తీ, అలికింది నువ్వే గద! నేను ద్వాళిని. మొన్న రైల్ రోకోల పట్టాల మీద కూసున్నం. ఆడపోలీసు నా రెట్ట పట్టి వ్యానెక్కిస్తుంటే నువ్వు ఫోటో కొట్టినవ్. యాదికొచ్చిందా? ఆ.

అవునయ్యా, పోలీసులు పేర్లు రాసుకోకుండ సాయంత్రం ఇడిచినంక నేనే అన్న. "శ్యాం తమ్మీ, నా మొఖం కనవడనియ్యకు, ఫోటోలు చూసి కేసులు పెడ్తున్నరట" అని బతిమిలాడిన. కాదంటలేను. ఫేస్‌బుక్కుల పెట్టేటప్పుడు మొఖం మీద మబ్బు కప్పినవ్. నీ మనసు మంచిదే.

మరి నా చేతి మీది పచ్చబొట్టు కప్పినవా? నేను కుట్టుకున్న అద్దాల రైక మా తండల ఎరుగనోళ్లు ఎవరు? పోలీసులు గుర్తు పట్టలే గని, తండంత పట్టింది.

పట్టి ఏమనుకున్నరో ఎరికేనా? నువ్వే చెప్పు, టీవీల మొఖాలు ఎవరియి అలుకుతరు? దొంగలయి. లాడ్జిల దొరికినోళ్లయి. నా మొఖం మీద మబ్బు, పక్కన ఆడపోలీసు. ఇంకేం కావాలె వాళ్లకు? "ద్వాళి వరంగల్ల లాడ్జిల దొరికిందట" అన్నరు. థూ!

రైల్ రోకో అని కింద రాసినవా? రాసినవ్ లే! ఎవరు చదివిన్రు? రాత ఆడనే ఉన్నది, ఫోటో ఒక్కటే బ్లూటూతుల సెల్లు నుంచి సెల్లుకు ఉరికింది. పూణె దాక పోయింది. ఆడ మా ఆయన రాంజీ బిల్డింగు పనిల ఉంటడు. ఎవడో సూపిచ్చిండు. అప్పటి సంది నా ఫోనెత్తుతలేడు. మా అత్తకు ఫోన్ చేసి, "దాన్ని ఇంట్ల ఉంచకు" అన్నడట. నన్ను ఒక్క మాట అడగలే తమ్మీ. ఒక్క మాట.

అత్తకు చెప్పుకోవాల్నా? ఎట్ల చెప్పుకుంట? ఆ దినం దవాఖానకని చెప్పి రైల్ రోకోకు వచ్చిన నేను. నా పక్కన కూసున్న జమున ఉన్నది గద, అది కేసు భయానికి తను ఆడికి అసలు రాలేదనే అంటున్నది.

తీసేస్తవా? తీసేస్తే? నీ దాంట్లకెళ్లి పోతది, ఊరోళ్ల సెల్లులకెళ్లి పోతదా? అట్లేం చెయ్యకు. నా మొఖంతోని మల్ల పెట్టు. పట్టాలు కనవడాలె, జెండాలు కనవడాలె, నేను కనవడాలె. రాంజీ చూడాలె.

కేసా? పెట్టనీ. కేసైతే పదిమందితోని కోర్టుకు పోత. గీ చెడ్డపేరుతోని ఏ కోర్టుకు పోవాలె నేను?

దొరికిందా అసలు ఫోటో? జర పెద్దగ చెయ్యి. ఇంక జర.

అయ్యో! గిది నేనేనా?

నవ్వుతున్న గద తమ్మీ! పండ్లన్ని బయటేసి నవ్వుతున్న. పోలీసు రెట్ట గుంజుతుంటే ఎవరన్న నవ్వుతరా? ఏడ్చిననే అనుకున్న ఇన్నొద్దులు. భయానికి కాళ్లు వణికినయని జమునకు గూడ చెప్పిన.

ఆగాగు, నొక్కకు! చెయ్యి తియ్యి. రాంజీ గిది చూస్తే? పెండ్లైనప్పటి సంది ఆయన ముంగట గిట్ల నవ్వి ఎరుగ నేను.

ఇంకోటి లేదా? తల వంచుకున్నది? ఏడుపు మొఖంది ఒక్కటన్న? లేదా.

మరి చెప్పనా, నీకొక్కనికే. ఆ దినం నాకు మస్తు సంబురమైంది. ఇంట్ల ఎవరినీ అడగకుండ వచ్చిన. అంతమంది నడుమ జై తెలంగాణ అని గొంతు పోయేదాక ఒర్లిన. వ్యానెక్కుతుంటే జాతరకు బండెక్కినట్టే ఉండె. ఏడుపు యాడికెల్లి వస్తది?

మొఖం దాస్తే లాడ్జిల దొరికిందన్నరు. మొఖం పెడ్తే పోలీసోళ్ల చేతుల ఇకిలించిందంటరు. వాళ్లకు నచ్చే మొఖం నేను యాడ కొనుక్కొచ్చుకోవాలె తమ్మీ?

నొక్కు.

నొక్కు, ఏందట్ల చూస్తవ్?