వేపమండలు కట్టిన పాక

2004. సోంపేట అవతల జీడితోటలు దాటి ఇసుకలోకి దిగితే, వలలు దాచుకునే పాక. గుమ్మానికి వేపమండలైతే కట్టారు గానీ, లోపల ఉన్నది అమ్మవారు పోసిన మనిషి కాదు పాపం. థైరాయిడ్ ఎక్కువై, విశాఖపట్నం పెద్దాసుపత్రిలో, కొన్నాళ్ళు ఒంట్లో రేడియేషన్ నిలిచే మందు తాగి వచ్చిన తవిటమ్మ. బయట అన్నం గిన్నెతో నిలబడ్డది ఆమె తోడికోడలు బుచ్చమ్మ; తవిటమ్మ చిన్నకూతురు ఇందుని ఇప్పుడు సాకుతున్నదీ ఆమే.

"అక్కడెట్టీసి పోతావేటే బుచ్చీ? కూసేపు కూకో."

"అత్త సూత్తదక్కా."

"ఇంత దూరం అత్తకేటి కనిపిత్తాది? కూకో. పొద్దున్నుంచి కాకులతో తప్ప మాటాడ్నేదు నాను."

"కూకున్నాన్లే. తిను. సందువ పులుసు."

"ఇందు తిన్నాదా?"

"తిన్నాది."

"నాకోసం అడిగిందేటి?"

"ముల్లు సూసుకో అక్కా."

"అడిగిందా, నేదా?"

"మొన్నటిదాకా అడిగీది. ఇప్పుడు... ఇప్పుడు నన్నే అమ్మా అంటంది. నాను నేర్పనేదక్కా, ఒట్టు!"

"నిన్నేటన్నానే? అభం శుభం తెలీని గుంట. ఎవులు ముద్దెడితే ఆలే అమ్మ."

"ఏడవకక్కా."

"ఏడుపు కాదే. ఈ జబ్బుకి కళ్ళు ఇలగే నీరు కారతాయి... కాదులే, ఏడుపే. నా కడుపున పుట్టిన గుంట, నా ఒళ్ళో పడుకుని ఎన్నాలయినాదో."

"అక్కా, ఒకటడగనా? మొదట్లో ఎలగుండీది నీకు?"

"గుండె దడదడలాడీది. సెయ్యి వణికీది. ఎంత తిన్నా ఒళ్ళు కరిగిపోయీది. మీ బావ దిష్టన్నాడు, అత్త గాలన్నాది."

"మెడకాడ గడ్డో?"

"అది తరవాత. ఎందుకే?"

"ఊరికే. అయితే అది కేన్సరేనా?"

"కాదే తల్లీ, ఎన్నిమార్లు సెప్పాల! సూదెట్టి తీసి సూసినారు. కాదన్నారు. ఈ జబ్బున్నోలకి మిగతావోలకంటే కేన్సరొచ్చే బయం కూసింత ఎక్కువంట. వచ్చీత్తాదని కాదు. ఏటా వచ్చి సూపించుకోమన్నారు, అంతే. ఆ ఒక్క ముక్క అట్టుకుని అత్త ఊరంతా టముకేసింది."

"మరి గుంటని దగ్గరికి రానీకన్నారు కదా డాక్టర్లు?"

"ఆ మందు ఒంట్లో ఉన్నన్నాలే అన్నారు. యాపమండలు కట్టి పాకలో ఒగ్గీమని ఏ డాక్టరు సెప్పినాడే? ఆ రోజులెప్పుడో అయిపోనాయి. అమ్మోరయితే దిగినాక తలకి నీళ్ళు పోసి ఇంట్లోకి తెత్తారు. నాకెవులు పోత్తారే నీళ్ళు?"

"బావ ఏటీ అనడా?"

"మీ బావా? రోజూ ఆ కొసనే తెప్ప దింపుతాడు. ఇటేసి సూడడు. నాను దగ్గితే తలొంచుకుని పోతాడు. ఎంత ఒంటిగా ఉందో తెలుసునేటే నాకు? సచ్చినోల కోసమైనా కూసేపు కూకుని ఏడుత్తారు."

"నాను మాటాడతానక్కా. ఇయ్యాలే అత్తకి సెప్తాను."

"ఏటని?"

"ఇది అంటుకోదని. రోజూ అన్నం తెత్తన్నది నాను కదా, నాకేటయినాదని అడుగుతాను."

"అదే! అలగే అడుగు. నిన్ను సూత్తే నమ్ముతాది. నువ్వు రాయిలాగున్నావు కదా... ఏటే, అలగయిపోనావు?"

"ఏటీ నేదు."

"గిన్నె మూత ఎందుకలగ టకటకలాడతంది నీ సేతిలో?"

"గాలికక్కా."

"గాలేదే? ఆకు కదలనేదు. ఇటు రా."

"వద్దక్కా."

"రా అంటన్నానా. ఆ పైట తియ్యి, మెడ సూడనీ... ఓలమ్మో! ఎన్నాలయినాదే ఇది?"

"ఎండల్లో జీడిపిక్కలేరినకాడినుంచి."

"ఎవులికీ సెప్పనేదా?"

"ఎలగ సెప్తాను? నీకాడినుంచే అంటుకుందంటారు. ఇంక జన్మలో నిన్ను గుమ్మం ఎక్కనీరు. అందుకే మెడ సుట్టూ పైట కప్పుకుని తిరుగుతన్నాను. ముందు నువ్వు ఇంట్లోకొచ్చీ అక్కా. గుంటని ఎత్తుకో. నా సంగతి తరవాత."

"తరవాతంటే?"

"అత్త మనసు మారినాక."

"అది మారేలోగా నీ గుండె ఆగిపోతే? నా గడ్డ మంచిదయినాదని నీదీ మంచిదే అవుతాదా? సూదెడితే గాని తెలీదే పిచ్చిదానా."

"ఏటీ అవ్వదులే. సాయంత్రం అత్తని అడుగుతాను, రేపు నువ్వు..."

"అడక్కు."

"అక్కా!"

"అడక్కన్నాను. పొద్దున్నే పలాస ఎల్లి ఇశాపట్నం బండెక్కుదాం, ఇద్దరం. నీ మెడ సూపించి, అత్తకి నానే సెప్తాను."

"సెప్తే నిన్నింక రానీరక్కా. నన్నూ ఈ పాకలోకే తోసెత్తారు."

"తొయ్యనీ. ఒంటిగా ఉండవులే, నానున్నాను."

"మరి ఇందో?"

"ఇయ్యాలకి నువ్వే ముద్దలెట్టు. పక్కలో ఏసుకుని పడుకో. మనిద్దర్లో ఎవులికోసమూ ఏడవకుండా, దానికి సిన్నగా సెప్పి రాయే బుచ్చీ."