సత్తెమ్మ జీపుకు చౌడు మెత్తిన పొద్దు

గోపీ, ఆగుర, గా బండి జర ముందటికి తియ్యి. అగో, కింద మరక సూడు, ఎట్ల పడ్డదో. ఎర్రగుంటే స్టీరింగు ఆయిలు అందుము, ఆకుపచ్చగుంటే రేడియేటరు నీళ్ళు అందుము, గిది నల్లగుంది, సాఫ్ ఇంజను ఆయిలే. ఏంది? ఎనక సీలు పోయిందన్నడా మెకానికి? ఇంజను దించాలన్నడా? అమ్మేస్తవా? గంతనే అమ్ముకుంటరా బిడ్డా, మీ నాయిన ఎంత మురిపెంగ తెచ్చిండు దాన్ని! కూసో. గా మంచం ఇటు గుంజుకో. ఛాయ్ తాగుతవా? వద్దా, సరే, ఊకెనే కూసో. నా పెండ్లాం సత్తెమ్మ ఉంటేనా, గీపాటికి నిన్ను నాలుగు తిట్టి బండి కిందికి దూరేది. నువ్వామెను ఎరగవులే. నువ్వు అంగన్‌వాడికి పోయేటప్పుడే పోయింది.

లగ్గమైన కొత్తల నేను వలస పోతుంటి. పాలమూరోళ్ళం గద, మేస్త్రి కేకేస్తే లారీ ఎక్కుడే. యాడ్నో పూణె అవతల కాల్వలు తవ్విన, మన్ను మోసిన. ఏడాదికి ఒక్కపారి పీర్ల పండుగకు వస్తుంటి. ఒకపారి ఇంట్ల కాలు పెట్టంగనే మా పెద్దపిల్ల నన్ను సూసి బెదిరి తల్లి చీర పట్టుకున్నది. 'అమ్మా, ఎవరో వచ్చిండే' అంటది. నా బిడ్డరా! ఆ పండుగ ఎల్లినంక సత్తెమ్మ నన్ను లారీ ఎక్కనియ్యలే. ఉన్నదంత ఊడ్చి పెట్టి జీపు కొనిపిచ్చింది. పాతదే. పొడుగు జీపు, ఎనక అటొక బల్ల ఇటొక బల్ల. గోపాల్‌పేట నుంచి వనపర్తికి కొడుతుంటి. మనుషులు, కోళ్ళు, పల్లికాయ బస్తాలు, లోపల సగం, మీద సగం. పెండ్లి పిల్లను ముందట కూసోబెట్టుకొని పోతే ఏం షాన్ అనుకున్నవ్ నాది! నవ్వుతవేందిర, నేనుగూడ పడుసోన్నే గప్పుడు.

సత్తెమ్మకు జీపంటే పాణం, గాని మరకలంటే మంట. పొద్దుగాల లేసి వాకిట్ల సాన్పు జల్లి ముగ్గేస్తదా, మల్ల తెల్లారి సూస్తే ముగ్గు నడుమ నల్లగ బొట్టు. 'లే, నీ రెండో పెండ్లాం మల్ల వాకిలి కరాబు జేసింది' అని లేపుతుండె నన్ను. పక్కింటి సావిత్రమ్మతోని అంటది, 'కొట్లాడే సవతులను సూసిన గని అక్కా, ఉచ్చవోసే సవతిని గిప్పుడే సూస్తున్న' అని. ఇద్దరు పడి పడి నవ్వుతుండ్రి. సావిత్రమ్మ నవ్వితే వాడంత ఇనపడేది. ఆమె గూడ లేదిప్పుడు.

యాడిదాంక వచ్చిన? ఆఁ, మరక. బొట్టుబొట్టు కారేది ఇగ ధార కట్టింది. పొద్దుగాల ఆయిలు పోస్తే మాపటికి కొలిచే కడ్డీకి అంటుతలేదు. వనపర్తిల ఒక మెకానికి ఉండె, మంచోడు పాపం, పండుకొని కిందికెల్లి సూసి, 'రామన్నా, ఇంజనుకు గేరుబాక్సుకు నడుమకెల్లి కారుతుందే. ఎనక సీలు పోయింది. ఇంజను దించుడే' అన్నడు. దించుడంటే మాటలా? మా తాహతుకు అయ్యే పనా? ఇంటికొచ్చి అన్న, 'ఇగ జీపు అమ్మేస్త. అమాస ఎల్లినంక లారీ పోతదంట, మేస్త్రి రమ్మంటుండు' అని. సత్తెమ్మ జొన్నరొట్టె కొడుతుంది. చప్పుడు ఆగిపాయె. 'బండి పోతే నువ్వు పోతవ్' అన్నది. గంతే. మల్ల కొట్టుడు షురూ చేసింది. ఏం కొట్టుడనుకున్నవ్ బిడ్డా, ఆ రొట్టె మీద నా పేరు రాసున్నట్టు కొట్టింది.

మీవి స్లాబు ఇండ్లాయె, మీకేం తెలుస్తది. మాది మన్ను మిద్దె. వానలు రాకముందే చౌడు మన్ను తెచ్చి మిద్దె మీద పరవాలె. చౌడు పడితే సుక్క దిగదు. సత్తెమ్మ చౌడు పరిస్తే నాలుగిండ్లోళ్ళు వచ్చి సూసి పోతుండ్రి. తెల్లారి నేను మేస్త్రితోని మాట్లాడి వస్తనా, జీపు పక్కపొంటి గంప. గంపల చౌడు. జీపు కిందికెల్లి రెండు కాళ్ళు. వంగి సూస్తే, అమ్మా! కొబ్బరిపీసు, గాసునూనె పెట్టి ఇంజను ఎనకంత బోల్లు తోమినట్టు తోమింది. జిడ్డు మీద మన్ను అంటదంట, గందుకని. తోమి, చౌడు పిసికి, కారేకాడ గోడకు మెత్తినట్టు మెత్తింది. 'ఓసి నీ అవ్వ, ఇంజనుకు ఎవరన్న మన్ను పెడ్తరే!' అని వాడ ఏకమయ్యేటట్టు మొత్తుకున్న. ఆమె కింద పండుకొనే అంటది, 'మిద్దె కారుతే మిద్దె కూలగొడ్తరా? నీ మెకానికి గట్లనే చెప్పిండు.' మొకం నిండ మన్ను, మసి. కండ్లు మాత్రం ఎర్రగున్నయ్. రాత్రంత ఏడ్చినట్టుంది. నాకు కోపం యాడికో పోయింది.

ఇంజను వేడెక్కితే మన్ను ఎండి రాలుతదిలే అని బండి చాలు చేసిన. జరసేపు సూసినం. కింద మెత్తిన చౌడు తెల్లగ ఎండింది, చెమ్మ లేదు. మీది అంచుకాడ మాత్రం నల్లగ ఒక గీత. సన్నగ దిగుతుంది, చీమ దిగినట్టు. సత్తెమ్మ దిగ్గున లేసి నెత్తి కొట్టుకున్నది. 'నేనుగూడ గాడిదనే! చౌడు ఎవరన్న మిద్దె కింద మెత్తుతరా? వాన దిగేది ఒక్కతాన, దూలం పట్టుకొని వచ్చి కారేది ఒక్కతాన. మీద సూడు, మీద!' అన్నది. గీత పట్టుకొని పోతే, ఇంజను మీది మూతకాడ తేలినం. మూత కింది ప్యాకింగు ఎండిన అప్పడం లెక్క పలిగి ఉంది. ఆయిలు ఆడ ఎల్లి, ఎనకపొంటి జారి, కింద కారుతుంది. సీలుకు ఏం కాలే. మెకానికి సూసి, 'అక్కా, నేను పండుకొని సూసిన, నిలబడి సూడకపోతి' అని నవ్విండు. కొత్త ప్యాకింగు ఆయనే తెచ్చి ఏసిండు. గందుకే నీకు చెప్తున్న, ముందుగాల ఇంజను మంచిగ కడుగు, తుడువు, నడిపి సూడు, మీదికెల్లి కిందికి సూడు. మూత బోల్టులు ఒక్కదాన్నే పట్టుకొని బిగియ్యకు. ఇటొకటి కొంచెం, అటొకటి కొంచెం. నేనొకపారి జోరు మీద బిగిస్తే బోల్టు తెగింది, సత్తెమ్మ వారం దినాలు ఎక్కిరిచ్చింది.

అమాస ఎల్లినంక లారీ పోయింది. మా జతగాడు సాయన్న ఎక్కిండు, నేనెక్కలే. సాయన్న పెండ్లాం రాధమ్మ జరమొచ్చి సచ్చిపోతే, ఆయన కబురంది బస్సు దిగేసరికి మన్ను గూడ కప్పేసిండ్రు. ఇంటి ముందట నిలబడి, 'ఒక్కపారి మొకం సూపియ్యకపోతిరి గదరా' అని ఏడ్చిండు. నేను, సత్తెమ్మ ఆడనే ఉన్నం. ఆమె నా చెయ్యి పట్టుకొని ఇడువలే. జీపుల కూసున్నంక గూడ ఇడువలే, గేరు ఎట్ల ఎయ్యాలె నేను?

ఆఖరికి ఆమెకు కడుపుల గడ్డ లేసింది. ఏ దవాఖానల సూపిచ్చినా లాభం లేదన్నరు. నేనిల్లు కదల్లే. తల నేనే దువ్విన. మెతుకు నేనే పెట్టిన. ఆ పొద్దు నీళ్ళడిగింది, నా చేతులతోనే పోసిన. తాగి నా దిక్కు సూసింది. 'ఉన్నవ్ గద' అన్నది. 'ఉన్ననే, యాడికి పోత' అన్న. ఇగ మల్ల ఏం అడగలే.

...

నువ్వేంది గట్ల సూస్తవ్? లే, బోనెట్ లేపు, పొద్దు పోతుంది.